మూడో పాటలో తప్పు

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి ఏడు నెలలైంది. బల్ల మీద అట్టపెట్టెలు, బల్ల కింద అట్టపెట్టెలు, కుర్చీల్లో బుడగల ప్లాస్టిక్ చుట్టలు. మనుషులు మాత్రం వంటింటి గట్టుకు ఆనుకుని, బస్సు కోసం నిలబడ్డవాళ్లలా తినాలి. ఆ శనివారం పొద్దున కూడా డాక్టరమ్మ అలాగే నిలబడి, ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో రొట్టె ముక్క పట్టుకుని ఉంది. మోగుతున్న ఫోను ఎత్తడానికి మూడో చెయ్యి లేనందుకు ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

డాక్టరమ్మ నిజానికి డాక్టరు కాదు. చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మామగారు ఆ పేరు పెట్టేశారు. "నేను డాక్టర్ని కాదు మామయ్యా" అని చెప్పి చెప్పి ఆమె నోరు అరిగింది గానీ ఆయన చెవికెక్కలేదు. ఇప్పుడు పక్కింటివాళ్లు కూడా అలాగే పిలుస్తున్నారు.

ఫోను ఆమెది కాదు, మొగుడిది. అతను స్నానాల గదిలో ఉన్నాడు. పగలు లిఫ్టులు బాగుచేసే సంస్థలో సూపర్‌వైజరు, మిగతా వేళల్లో ఒక రికార్డుల కంపెనీకి యజమాని. ఆ కంపెనీ అంటే ఈ భోజనాల బల్లే. అందుకని కోపం వచ్చినప్పుడల్లా ఆమె అతన్ని 'ఓనరుగారూ' అంటుంది. ఈ మధ్య వేరే పిలుపు వాడిన గుర్తు లేదు.

ఓనరుగారి వ్యాపారం చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి నరకం. జనం మరిచిపోయిన పాత రికార్డు ఒకటి వెతకాలి. దాని హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవాలి. వాళ్లకు లైసెన్సు రుసుము ముందే కట్టాలి. టేపు తెచ్చి, గరగరలు తీసేసి, ఐదువందల ఎల్పీలు కొత్తగా అచ్చువేయించి, ముందే డబ్బు కట్టిన మూడొందల మంది చందాదారులకు పంపి, మిగిలినవి అమ్ముకోవాలి. ఆ గరగరలు తీసే పని డాక్టరమ్మది. చెవులంటే ఆమెవే మరి. ఇలా నాలుగు రికార్డులు వచ్చాయి. లాభం లేదు, నష్టమూ లేదు. ఐదోదానితో వచ్చింది తంటా అంతా.

ఐదోది సొంత అమ్మానాన్నల రికార్డు. నలభై ఒక్క ఏళ్ల కిందట అమ్మ పాడితే నాన్న వయొలిన్ వాయించారు, ఎనిమిది పాటలు. దాన్ని తీసిన కంపెనీని ఇంకో కంపెనీ కొంది, దాన్ని ఇంకొకటి మింగింది. చివరికి ఆ టేపు, దాన్ని ఒక్కసారి కూడా వినని కంపెనీ చేతిలో పడింది. కన్నతల్లి గొంతుకు కొడుకు అద్దె కట్టాల్సి వచ్చింది. అదీ రెండు వాయిదాల్లో.

ఆమె కప్పు గట్టు మీద పెట్టి ఫోను ఎత్తింది.

"సార్ ఉన్నారా? లైసెన్సుల విభాగం నుంచి మాట్లాడుతున్నాను" అంది అవతలావిడ. గొంతులో కోపం లేదు, దయా లేదు. "రెండో వాయిదా ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఖరు. గుర్తుచేద్దామని."

"గడువు అడుగుతూ ఉత్తరం రాశాంగా అండీ. బజార్లో ఎవరో దొంగ కాపీలు సగం ధరకు అమ్ముతున్నారు. నెల రోజులుగా మావి ఒక్కటి కదలట్లేదు."

"చదివామమ్మా. ఆ కాపీ మీ డిస్కు నుంచే తీశారని రుజువు చూపించండి. మా లాయర్లు చూసుకుంటారు, మీకు మూడు నెలలు గడువు ఇస్తాం. రుజువు లేకపోతే అది ఏ పాత రికార్డు నుంచి తీసిందో మాకెలా తెలుస్తుంది? అప్పుడు లైసెన్సు రద్దవుతుంది. అమ్ముడుపోని కాపీలు ఒప్పందం ప్రకారం విరగ్గొట్టి ఫొటోలు పంపాలి."

"విరగ్గొట్టి?"

"పద్నాలుగో పేజీలో ఉంది" అని ఆవిడ పెట్టేసింది.

డాక్టరమ్మ బల్ల వంక చూసింది. నూట ఎనభై కాపీలు. ప్రతి కవరు మీదా అత్తగారి ఫొటో. ఆవిడ, వీళ్ల పెళ్లికి ముందు ఏడాదే పోయారు. ఆమెకు అత్తగారంటే ఈ ఫొటో, ఆ టేపులో గొంతు, అంతే. ఆ మొహాన్ని నూట ఎనభై సార్లు విరగ్గొట్టి ఫొటో తీసి పంపాలా?

స్నానం చేసి వచ్చిన ఓనరుగారు విషయం వినగానే తడి తువ్వాలుతోనే అట్టపెట్టె మీద కూలబడ్డాడు.

"రుజువా? ఎక్కణ్నుంచి తెస్తాను? పాట అదే, గొంతు అదే, ఫొటో అదే. దొంగవెధవ వేలిముద్రలేమన్నా వదిలాడా?"

"ముందు పెట్టె మీంచి లేవండి. పన్నెండు డిస్కులు మీ బరువుకు వంకరపోతాయి."

"పోనీ! ఎలాగూ విరగ్గొట్టాలిగా!"

"నా మీద అరిస్తే రుజువు ఊడిపడుతుందా?"

"నీ మీద అరవట్లేదు, ఊరికే అరుస్తున్నాను!"

బాల్కనీలో పేపరు చదువుతున్న పెద్దాయన పేజీ తిప్పారు. వయొలిన్ మాస్టారు ఆయన, డెబ్భై ఆరేళ్లు. కోడలు దగ్గరుండి ఇప్పించిన చెవి మిషను సొరుగులో భద్రంగా ఉంటుంది. ఆయనకు కావలసినవి మిషను లేకుండానే వినిపిస్తాయి, అక్కర్లేనివి మిషను పెట్టుకున్నా వినిపించవు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వదిన వచ్చింది. ఓనరుగారి అక్క. రెండు వీధుల అవతల డ్రైక్లీనింగ్ షాపు నడుపుతుంది. మొదటి వాయిదాలో సగం ఆవిడ పెట్టుబడే. చేతిలో బరువైన సంచి, మొహం నిండా సంతోషం.

"తమ్ముడూ, నీ వ్యాపారానికి నా వంతు సాయం చేశానురా!" అంటూ సంచి బల్ల మీద బోర్లించింది. పది రికార్డులు. "షాపుకొచ్చే పాత ఖాతాదార్లకు ఇద్దామని. నిన్నడిగితే ఊరికే ఇస్తావు, నీకు నష్టం. అందుకని బస్టాండు దగ్గర కొట్లో కొన్నాను. డబ్బు తిరిగి నీకే చేరుతుందిగా. ధర కూడా భలే తగ్గించావు, సగానికి సగం!"

ఓనరుగారు ఒక కవరు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. అమ్మ మొహం నీలంగా ఉంది.

"అక్కా" అన్నాడు నెమ్మదిగా. "ఇవి దొంగ కాపీలు."

"ఛ! అమ్మ బొమ్మ ఉందిగా."

"మొహం నీలంగా ఉంటే అనుమానం రాలేదా నీకు?"

"వచ్చింది. నీ ప్రింటరువాడు రంగు సరిగ్గా వెయ్యలేదనుకున్నా. నీ ప్రింటరువాడు అలాంటివాడే కదా!"

"పదా! పది కొన్నావా! మన కంపెనీలో వాటాదారువి నువ్వు! వాడు కూడా అంత పెద్ద గిరాకీ చూసి ఉండడు!"

"నాకేం తెలుసురా? దొంగ కాపీలొచ్చాయని నాకు చెప్పావా? ఏదీ చెప్పవు. డబ్బు కావాల్సినప్పుడు మాత్రం అక్కా అక్కా అని వస్తావు. బిల్లు కూడా తీసుకున్నాను, కావాలంటే చూసుకో!" వదిన చీటీ తీసి తమ్ముడి తువ్వాలు మీద విసిరింది.

డాక్టరమ్మ ఇద్దరి మధ్యా చెయ్యి చాచి ఒక డిస్కు తీసుకుంది. "అరుపులు అయ్యాక చెప్పండి. ముందు ఇది వింటాను. మనం ఇంతవరకూ దీన్ని విననేలేదు, తిట్టడమే అయింది."

ఆమె డిస్కును ప్లేయరు మీద పెట్టి సూది దించింది. మొదటి పాట, రెండో పాట. శబ్దం కొంచెం మొద్దుబారింది, అంతకంటే తేడా లేదు. తేడా లేకపోవడమే కొంప ముంచింది. గడియారం పదకొండు దాటింది.

మూడో పాట మొదలైంది. బాల్కనీలో పెద్దాయన పేపరు దించారు. చిన్నప్పట్నుంచీ అక్కా తమ్ముళ్లిద్దరికీ తెలుసు, మూడో పాట వస్తే నాన్న లేచి సూది ఎత్తేస్తారు, లేదా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోతారు. రెండో చరణానికి ముందు వయొలిన్ ఒక్కటే వినిపించే చోట ఆయన వేలు జారి ఒక స్వరం తప్పు పడింది. స్టూడియో అద్దె గంటల లెక్కన. మళ్లీ తీయడానికి డబ్బు లేదు. ఆ తప్పు అలాగే అచ్చయింది, నలభై ఒక్క ఏళ్లుగా ఆయన్ని తరుముతోంది.

కానీ ఈసారి ఆయన లేవలేదు. కళ్లు మూసుకుని తల పంకించారు. ఆ స్వరం వచ్చింది. శుభ్రంగా, నిటారుగా, ఎక్కడ ఉండాలో అక్కడ.

డాక్టరమ్మకు రుజువు దొరికింది. అంతకంటే పెద్ద చిక్కూ దొరికింది.

ఎందుకంటే ఆ స్వరానికి నలభై ఒక్క ఏళ్లు లేవు. తొమ్మిది నెలలే.

రికార్డు మళ్లీ తేవాలంటే బతికున్న కళాకారుడి సంతకం కావాలి. పెద్దాయన రెండు వారాలు సంతకం పెట్టలేదు. ఎందుకో కొడుక్కి చెప్పలేదు. ఒకరోజు వినికిడి పరీక్షకని ఆసుపత్రికి వచ్చి, ఆ అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, బీప్ వినపడితే నొక్కమన్న బటన్ నొక్కకుండా, "డాక్టరమ్మా, ఆ ఒక్క స్వరం సరిచేస్తేనే సంతకం పెడతాను" అన్నారు. "నేను పోయాక కూడా అది తప్పు మోగుతూనే ఉంటుందమ్మా" అన్నారు. పెద్దమనిషి కళ్లలో నీళ్లు. ఆమె ఏం చేస్తుంది?

ఓనరుగారు అచ్చు ఫ్యాక్టరీకి వెళ్లిన రోజున మామా కోడళ్లిద్దరూ సామాన్ల గదిలో దుప్పట్లు వేలాడదీసి ఆ స్వరం రికార్డు చేశారు. చెయ్యి వణికి పదిసార్లు పాడైంది, పదకొండోసారి కుదిరింది. ఒకటింపావు సెకను. ఆమె దాన్ని పాత టేపులో అతుకు తెలియకుండా అతికించింది. తన పనితనం చూసుకుని గర్వపడింది కూడా. కంపెనీ ఒప్పందంలో మాత్రం స్పష్టంగా ఉంది, శబ్దం శుభ్రం చేయవచ్చు, వాయించినది మార్చకూడదని. ఓనరుగారు కవరు వెనక ఇంకా స్పష్టంగా అచ్చువేయించాడు: "ఒక్క స్వరం కూడా మార్చలేదు." ఆ ప్రూఫు దిద్దింది కూడా ఆమే.

"ఏమీ తేడా లేదు" అన్నాడు ఓనరుగారు, తల పట్టుకుని. "అయిపోయింది. అక్కా, సుత్తి ఉందా మీ ఇంట్లో?"

డాక్టరమ్మ సూది ఎత్తింది. "రుజువు ఉంది" అంది. "మూడో పాటలో ఆ స్వరం కంపెనీ టేపులో తప్పుగా ఉంటుంది. దీన్లో కరెక్టుగా ఉంది. కరెక్టుగా ఉన్నది ప్రపంచం మొత్తంలో మన డిస్కు ఒక్కటే. వాడు మనదాన్నే చూసి కొట్టాడు."

"మన డిస్కులో కరెక్టుగా ఎందుకుంటుంది?"

"నేను మార్చాను."

అతనికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. తువ్వాలు జారబోతే వదిన కంగారుగా కళ్లు మూసుకుంది.

"మార్చావా? ఎలా మార్చావు?"

"మామయ్య కొత్తగా వాయించారు. నేను అతికించాను."

"నాన్నా!"

పెద్దాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చెవి దగ్గర చెయ్యి ఆడించారు. "ఏంటీ? వినిపించట్లేదు!"

"మామయ్యా, మీకు పరీక్ష చేసింది నేను. ఈ దూరంలో ఈ మాటలన్నీ మీకు వినిపిస్తాయి. లోపలికి రండి."

పెద్దాయన వచ్చారు, దోషిలా కాదు, అలిగినవాడిలా. "తప్పేముంది? నా వేలు, నా వయొలిన్, నా స్వరం. నేను దిద్దుకున్నాను. మధ్యలో కంపెనీవాడెవడు, నువ్వెవడివి?"

"నేను మూడొందల మందికి మాటిచ్చినవాణ్ని నాన్నా! కవరు మీద అచ్చువేశాను! ఒక చందాదారుడైతే డిస్కు మందం కొలిచి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. వాళ్ల ముందు నేనేం మొహం పెట్టుకోవాలి?" అతను భార్య వైపు తిరిగాడు. "తొమ్మిది నెలలు! నా పక్కనే తింటూ, నా పక్కనే పడుకుంటూ, ఒక్క మాట చెప్పలేదు."

"నా పక్కన ఎప్పుడు తిన్నారు మీరు? తినడానికి బల్ల ఉందా ఈ ఇంట్లో? చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచాను! లైసెన్సు, కొరియరు, ప్రింటరు, ఫ్యాక్టరీ. నా మాట ఎప్పుడన్నా చెవిన వేసుకున్నారా? అయినా నమూనా డిస్కు వచ్చినప్పుడు మీరు మొత్తం విని, బాగుందని సంతకం పెట్టి పంపారుగా. పుట్టినప్పట్నుంచీ విన్న పాట కదా, అప్పుడు తెలియలేదా? తెలిసే ఊరుకున్నారేమో అనుకున్నాను!"

అతను కింద పడ్డ బిల్లు చీటీ తీసి మడతపెట్టసాగాడు.

"విన్నారా, లేదా?"

"లేదు."

"వినకుండా సంతకం పెట్టావా?" అంది వదిన. "నా డబ్బు పెట్టి అచ్చువేసిన రికార్డు, వినకుండా?"

"పెట్టాను అక్కా. మొదటి పాటకే అమ్మ గొంతు వచ్చింది. ఆపేశాను. మళ్లీ వేశాను, మళ్లీ ఆపేశాను. నా వల్ల కాలేదు. అందరిచేతా వినిపించాలనుకున్నాను గానీ, నేను వినగలనో లేదో చూసుకోలేదు." అతను పెట్టెల వంక చూస్తూ అన్నాడు. "ఇందాక కూడా అంతే. అక్కడ నిలబడ్డానంతే. నా చెవి అంతా గడియారం మీదే పెట్టుకున్నాను."

డాక్టరమ్మకు కోపం ఉన్నపళంగా పోలేదు గానీ, ఎక్కడ నిలబడాలో దానికి తెలియకుండా పోయింది. రికార్డులు అమ్మే మనిషికి రికార్డు వినే తీరిక లేదని ఆమె ఇన్నాళ్లూ దెప్పుతూనే ఉంది. తీరిక లేక కాదని ఒక్కసారి కూడా తట్టలేదు.

"సర్లే, ఆ స్వరం పోతే పోయింది" అన్నాడతను. "తర్వాత నవ్వు అన్నా ఉంచావు కదా?"

"ఏ నవ్వు?"

"నాన్న తప్పు వాయించాక అమ్మకి నవ్వొస్తుంది. ఆపుకుని పాట అందుకుంటుంది. చరణం మొదట్లో చిన్నగా వినిపిస్తుంది. చిన్నప్పుడు నేనూ అక్కా ఆ ఒక్క చోటు కోసమే మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లం, నాన్న ఇంట్లో లేనప్పుడు."

వదిన అవునని తల ఊపింది. ఆవిడ కళ్లు అప్పటికే తడిశాయి.

డాక్టరమ్మకు గుర్తుంది. చరణానికి ముందు ఒక చిన్న ఊపిరి, గర్రుమన్నట్టు. తప్పు స్వరం తీసేశాక అది అక్కడ అకారణంగా నిలబడిపోయింది, టేపు లోపంలా. ఆమె దాన్ని గీసి, నొక్కి, తుడిచేసింది. ఆ మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఎలా నవ్వుతారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోజూ ఊరందరి చెవులూ పరీక్ష చేసే మనిషి, అత్తగారి నవ్వును గరగర అనుకుంది.

"తీసేశాను" అంది. "చెత్త అనుకుని తీసేశాను. నాకు తెలియదండీ. నిజంగా నాకు తెలియదు."

అంతే, ఆమె ఏడ్చేసింది. ఏడు నెలల విసుగూ, తొమ్మిది నెలల భయమూ అన్నీ కలిసి వచ్చాయి. ఓనరుగారు ఏం చేయాలో తెలియక, ఒంటి మీదున్న తువ్వాలు కొస ఇవ్వబోయి మానుకుని, బల్ల మీది కాగితపు రుమాలు అందించాడు.

పెద్దాయన ఈ గొడవలో లేరు. కుర్చీలోని ప్లాస్టిక్ చుట్ట కింద పడేసి కూర్చున్నారు. "నిజంగానే నవ్విందా?" అన్నారు.

"అదేంటి నాన్నా, మీరు పక్కనే ఉన్నారుగా?"

"నేను ఎక్కడ విన్నాను? తప్పు పడగానే నా చెవులు మూసుకుపోయాయి. ఆవిడ బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉండేది. అక్కడ నాకు నవ్వొచ్చిందండీ, ఒక్కసారి వినండీ, నాకు ఆ పాటలో అదే ఇష్టం అని. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబుతోందనుకున్నాను. కసిరేవాణ్ని. పోయే ముందు వారం కూడా అడిగింది, వేసి విందామని. నాకు నిద్రొస్తోందన్నాను."

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. పనిలో పడితే తప్ప ఆమె నిలబడలేదు, అది ఆమె స్వభావం. ముందు ఫోను తీసి కంపెనీ ఆవిడకు చేసింది. మొగుడు చెయ్యి చాచినా ఇవ్వలేదు.

"రుజువు దొరికిందండీ" అని మొదలుపెట్టి, దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఎవరు వాయించారో, ఎవరు అతికించారో, ఏ నిమిషం, ఏ సెకను. "దొంగ కాపీలు పది ఉన్నాయి. కొట్టు బిల్లుతో సహా."

అవతల టైపు చేస్తున్న చప్పుడు.

"అంటే మీ డిస్కు నుంచే తీశారని తేలింది. మంచిది" అంది ఆవిడ. "మీరు ఒప్పందం తప్పారని కూడా తేలింది. దానికి వేరే నోటీసు వస్తుంది."

"రానివ్వండి."

"ఉన్న కాపీల మీద మార్పు జరిగిందని చీటీ అతికించాకే అమ్మాలి. తర్వాతి అచ్చులో అసలుది అసలులాగే ఉండాలి. జరిమానా ఎంతో లాయర్లు చెబుతారు." మళ్లీ టైపు చప్పుడు. "రెండో వాయిదాకు మూడు నెలలు రాస్తున్నాను. ఆ కాపీలు కొన్నది ఎవరు?"

"మా వదిన. పది కొన్నారు."

"పదా?" అంది ఆవిడ. ఏడు నెలల్లో మొదటిసారి ఆ గొంతులో మనిషి వినిపించింది.

"చూశావా!" అంది వదిన పక్కనుంచి. "నా బిల్లే మిమ్మల్ని బతికించింది. ఇకనుంచి అన్నీ నాకు చెప్పి ఏడవండి."

డాక్టరమ్మ లాప్‌టాప్ తెరిచి, ముట్టుకోని పాత టేపు శబ్దం తీసింది. సొరుగులోంచి చెవి మిషను తెచ్చి మామగారి ముందు పెట్టింది. "ఇది పెట్టుకోవాల్సిందే మామయ్యా. ఆ నవ్వు సన్నగా ఉంటుంది. మిషను లేకపోతే మీకు వినిపించదు."

ఆయన పెట్టుకున్నారు. ఇచ్చి మూడేళ్లయిన మిషను, మొదటిసారి. పాట మొదలైంది. రెండో చరణం దగ్గరపడుతుంటే ఆయన చేతులు కుర్చీ పట్టుకున్నాయి, లేచి వెళ్లడానికే. కొడుకు వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఆపుతున్నారో చెప్పడం కష్టం.

తప్పు స్వరం వచ్చింది. పెద్దాయన మొహం ముడుచుకుంది. "ఛీ" అన్నారు.

ఆ వెంటనే, ఆపుకోలేక ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు. పాతికేళ్ల ఆడపిల్ల నవ్వు. దాని మీదుగానే పాట అందుకుంది ఆవిడ. ఆ చరణం మొత్తం పెదవుల మీద నవ్వుతోనే పాడింది, వింటే తెలుస్తోంది. ఆ పాటలో అంతకంటే బాగా పాడిన చోటు ఇంకొకటి లేదు.

"నవ్వింది" అన్నారు పెద్దాయన. "అబద్ధం చెప్పలేదురా."

ఓనరుగారు ఆ చరణం అయిపోయేదాకా విన్నాడు. అయ్యాక కూడా ఆపమనలేదు. ఏడుస్తూనే నాలుగో పాట, ఐదో పాట, ఎనిమిదో పాట దాకా విన్నాడు, బట్టలు కట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా. వదిన విసుక్కుంటూ చొక్కా తెచ్చి అతని మీద పడేసింది.

చీటీలో ఏం రాయాలన్న దాని మీద మళ్లీ గొడవ. ఓనరుగారు రాసింది లాయరు నోటీసులా ఉందని వదిన, వదిన రాయమన్నది సానుభూతి అడుక్కున్నట్టుందని ఓనరుగారు. చివరికి పెద్దాయన ఇద్దర్నీ కసిరి, కాగితం లాక్కుని, ఆరు కాగితాలు చింపి ఏడోది కోడలి చేతికిచ్చారు.

"చూడు డాక్టరమ్మా. తప్పులుంటే దిద్దు."

బల్ల మీది పెట్టెలు కొన్ని కిందికి దించి, నలుగురూ కూర్చోవడానికి చోటు చేశారు. టీలు పెట్టుకున్నారు. ఆమె కవరు వెనక 'ఒక్క స్వరం కూడా మార్చలేదు' అన్న చోట ఆ కాగితం ఆనించి చూసి, పైకి చదివింది.

"మూడో పాటలో తప్పు నాది. దాని తర్వాత వచ్చే నవ్వు నా భార్యది. నా తప్పు దాచుకోబోయి ఆమె నవ్వు కూడా పోగొట్టాను. ఈ డిస్కులో రెండూ లేవు, క్షమించండి. వచ్చే అచ్చులో రెండూ ఉంటాయి. దయచేసి ఆ చోట సూది ఎత్తకండి."

డాక్టరమ్మ అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.